గుంటుపల్లి కొండలో మా నాయనమ్మ ఇంటి కప్పు

మా నాయనమ్మది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటివాసాలు, ఆపైన తాటాకు. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు ఆ ఇల్లూ పోయింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. లోపల వెల్లకిలా పడుకుంటే వాసాలన్నీ నడినెత్తిన ఒక్కచోట కలిసేవి. ఆ ఇంటి గురించి బాగా గుర్తున్నది అదే.

పోయిన మాఘమాసంలో నాన్నా నేనూ బౌద్ధ గుహలు చూడ్డానికి గుంటుపల్లి వెళ్లాం. తెల్లవారకముందే రాజోలులో బయల్దేరి చించినాడ వంతెన దాటాం. పాలకొల్లు, తాడేపల్లిగూడెం, ద్వారకా తిరుమల మీదుగా కామవరపుకోట, అక్కణ్ణుంచి జీలకర్రగూడెం. తాడేపల్లిగూడెం దాటాక కాలవలూ వరిచేలూ వెనకబడతాయి. ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, జీడిమామిడి మొదలవుతాయి. డెల్టా వాళ్లం మెట్టను ఎప్పుడూ కాస్త తక్కువగానే చూస్తాం. కానీ గుహలు తొలవడానికి మన వండ్రునేలలో రాయేది? మా ఆదుర్రులో బౌద్ధులు స్తూపాన్ని ఇటుకలతో కట్టుకున్నారు. ఇక్కడ ఇసుకరాయి కొండ దొరికింది, అందులోనే ఇళ్లు చెక్కుకున్నారు.

గైడు లేడు. ఎండ ముదరకముందే పైకెళ్లి, నీడకోసం గుహలను తర్వాతకి ఉంచుకున్నాం. మీరు వెళ్లినా అలాగే చేయండి, నీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి. పైన చిన్నాపెద్దా కలిపి అరవైకి పైగా మొక్కుబడి స్తూపాలున్నాయి. స్తోమతను బట్టి ఎవరి స్తూపం వాళ్లు కట్టించుకున్నట్టు ఒక్కోటి ఒక్కో కొలత.

ఈ కొండ మీద దొరికిన స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉంది. కళింగ, మహిషక దేశాల అధిపతి, మహామేఘవాహన వంశపు సిరిసద అనే రాజు దగ్గర లేఖకుడిగా ఉన్న చుళగోమ ఇక్కడ మండపం దానం చేశాడని అందులో ఉంది. నేను దస్తావేజులు రాసే చోట పనిచేస్తాను. రోజంతా ఇంకొకరి ఆస్తులు, ఇంకొకరి పేర్లు రాస్తాను. అందుకేనేమో, రాజుకన్నా ఆ రాసేవాడే నాకు దగ్గరివాడనిపించాడు.

భిక్షువులు ఉండే విహారాల్లో చిన్న చిన్న గదులు, తలుపుల పైన గుర్రపునాడా ఆకారపు కమానులు. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. నాన్న అప్పటికే చైత్యం వైపు, అంటే స్తూపాన్ని కొలిచే గుడి వైపు నడిచాడు.

అది గుండ్రటి గుహ. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటిదని చెబుతారు. మధ్యలో కొండరాతిలోనే తొలిచిన స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు సన్నటి దారి. ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. నాన్న చెప్పులు బయట విడిచి, దణ్ణం పెట్టుకుని ఒక చుట్టు తిరిగాడు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక తల పైకెత్తాడు.

"అమ్మాయ్, ఇవి వాసాలు కాదూ?"

వాసాలే. రాతి వాసాలు, గోడ మీంచి లేచి పైన ఒకచోట కలుస్తున్నాయి. కొండను లోపలికి తొలిచిన గుహకి వాసాలెందుకు? అవి ఏ బరువూ మోయడం లేదు. చెక్కినవాళ్లకి గుండ్రటి గుడి అంటే కర్రా ఆకూ వేసి కట్టిందే. అది కళ్లముందు ఉంది కాబట్టి రాతిలోనూ అదే దించారు. వాకిలి పైన కమానులోనూ కర్ర దూలాల కొసలను రాతిలో చెక్కారు. బీహారులోని బరాబర్ కొండల్లో లోమస ఋషి గుహ ముఖద్వారమూ ఇలాంటిదే. అంత దూరాన ఉన్న పనివాళ్లూ ఇళ్లు కట్టే పద్ధతినే రాతికి అప్పగించారు.

నాన్న గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మా చుట్టింటికి రెండు మూడేళ్లకోసారి ఆకు మార్చేవాళ్లట. కింద నాయనమ్మ నిలబడి, ఎక్కడ పలచబడిందో చేత్తో చూపించేదట. ఇన్నేళ్లలో ఆయన ఈ సంగతి చెప్పడం ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చాక ఆ కప్పు ఫోటోను మేనత్తకి ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు సర్దుకుని, దగ్గరికి పెట్టుకుని చూసింది.

"ఎవరిల్లే ఇది? వాసాలు ఇంకా ఎంత బాగున్నాయో!" అంది.