పెళ్లికార్డుల ప్రెస్సు నుంచి కలంకారీ పుస్తకం దాకా: నా అనుభవం

చెన్నై రాయపేటలో మా ప్రెస్సు తాతయ్య పెట్టింది. నెల్లూరు నుంచి వచ్చి, పెళ్లికార్డులతో మొదలుపెట్టి, బిల్లు బుక్కులు, కేలండర్లు, కంపెనీ డైరీల దాకా తెచ్చాడు. ఇప్పుడు నాన్న, బాబాయి, నేను చూసుకుంటున్నాం. తెలుగు అచ్చుకి ఈ ఊళ్లో పెద్ద చరిత్రే ఉంది. వావిళ్ల వారు 1854లో మొదలుపెట్టింది ఇక్కడే, తండ్రి తర్వాత కొడుకు నడిపారు. చందమామ 1947లో పుట్టిందీ ఇక్కడే. అలాంటి ఊళ్లో ఉంటూ మన పేరుతో ఒక్క పుస్తకం కూడా లేదే అన్న బాధ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

జాబ్ వర్క్‌లో, అంటే బయటివాళ్లు ఇచ్చిన పనిని అచ్చువేసివ్వడంలో, కాగితం డబ్బు పార్టీదే, నష్టం వచ్చినా పార్టీదే. సరుకు చేతికివ్వగానే మన డబ్బు మనకొస్తుంది. సొంతంగా పుస్తకం వేస్తే అన్నీ మనవే, గోడౌన్‌లో మిగిలిన కాపీలతో సహా. అందుకే శ్రీకాళహస్తి కలంకారీ మీద పెద్ద సైజు ఆర్ట్ బుక్ వేద్దామని నేనన్నప్పుడు నాన్న వెంటనే ఒప్పుకోలేదు. "అమ్మాయ్, అంత ఖరీదు పెట్టి మనవాళ్లు ఎవరు కొంటారు?" అన్నాడు.

అప్పుడు ఆయనకి ఆర్ట్ పుస్తకాలు వేసే టాషెన్ సంస్థ సంగతి చెప్పాను. 1980లో జర్మనీ కొలోన్‌లో బెనెడిక్ట్ టాషెన్ పెట్టిన చిన్న కామిక్స్ దుకాణంగా మొదలైంది అది. 1999లో హెల్ముట్ న్యూటన్ ఫొటోలతో 464 పేజీల పుస్తకం వేశారు. చేత్తో ఎత్తి చదవలేనంత బరువు, దాన్ని పెట్టుకోవడానికి ఫిలిప్ స్టార్క్ అనే పేరున్న డిజైనర్ చేత స్టాండ్ కూడా డిజైన్ చేయించారు. వేసింది పదివేల కాపీలే, ప్రతిదాని మీదా న్యూటన్ సంతకం. ఇప్పటికీ అది కుటుంబ సంస్థే, కూతురు మార్లీన్ కూడా బాధ్యతల్లో ఉంది. పారిస్‌లో అసూలీన్ దంపతులు 1994లో మొదలుపెట్టిందీ అలాంటిదే. నాన్నకి సంతకాల మీద, స్టాండ్ మీద ఆసక్తి లేదు. "ముందే లెక్క కట్టి తక్కువ వేశారు, అది బాగుంది" అన్నాడు. అక్కడ పని మొదలైంది.

ముందు హక్కులు. కలంకారీ వస్త్రం కొన్నంత మాత్రాన దాని మీది బొమ్మని అచ్చువేసే హక్కు రాదు. మన చట్టం ప్రకారం ఆ హక్కు కళాకారుడి జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్ల వరకు ఆయన వారసులది. అందుకని కాళహస్తి వెళ్లి ప్రతి కళాకారుడితో విడిగా కాగితం రాయించుకున్నాం. ఒకేసారి ఇంత అని చేతిలో పెట్టకుండా అమ్మిన ప్రతి కాపీ మీదా వాటా అని రాశాం. ఈ ఒక్క విషయంలో నేను పట్టుబట్టాను. బొమ్మ వాళ్లది, పేరు మనది అయితే అది పబ్లిషింగ్ కాదు.

ఇక రంగులు. మా టెన్షన్ అంతా ఇక్కడే. కాళహస్తిలో గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రావకంతో వెదురు కలం పట్టి గీత గీస్తే, కరక్కాయ తగిలి అది నల్లగా మారుతుంది. పటిక పూసిన చోట ఎరుపు పడుతుంది. నీలిమందు చివర్లో. ఇన్ని పనుల తర్వాత వచ్చిన నలుపుని, నీలాన్ని మనం సయాన్ (లేత నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు అనే నాలుగు సిరాల చుక్కలతోనే కాగితం మీదికి తేవాలి.

మా మెషిన్ ఆ సైజుకి చాలదు కాబట్టి బయట ఒక పెద్ద ప్రెస్సుకి ఇచ్చాం. మొదటి ప్రూఫ్ చూసి గుండె జారింది. రాముడి పంచె మీద నీళ్ల అలల్లా చారలు. గుడ్డ నేతలోని దారాలకీ అచ్చులోని చుక్కల వరసలకీ పొంతన కుదరక ఇలా వస్తుంది, ప్రెస్సులో మోయిరే అంటారు. "ఎవరూ గమనించరండీ" అన్నాడు అక్కడి మేనేజర్. నాన్న జేబులోంచి భూతద్దం తీసి షీట్ మీద పెట్టి, ఏమీ అనకుండా ఆయన చేతికిచ్చాడు. వరసలుగా కాకుండా చుక్కలు చెల్లాచెదురుగా పడే స్క్రీనింగ్‌తో ప్లేట్లు మళ్లీ చేయించాం. చారలు పోయాయి.

నీలం ఇంకా ఏడిపించింది. మెజెంటా కాస్త ఎక్కువైతే నీలిమందు కాస్తా వంకాయ రంగుకి తిరుగుతుంది. అచ్చు రోజున అసలు గుడ్డనే వెంట తీసుకెళ్లి, ప్రూఫ్ చూసే తెల్ల లైటు కింద షీట్ పక్కన పరిచాం. ట్యూబ్‌లైట్ కింద సరిపోయిన రంగు ఆ లైటు కింద సరిపోదు, ఎండలో ఇంకోలా ఉంటుంది. మెషిన్ మాస్టర్ మెజెంటా తగ్గించి, మళ్లీ షీట్లు తీసి, మళ్లీ చూపించాడు. అరవంలో ఆయన, తెలుగులో నాన్న మాట్లాడుకుంటూనే నీలం దగ్గర ఇద్దరూ ఒకేసారి తలూపారు. ఆ షీట్ మీద నాన్న సంతకం చేస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

బైండింగ్ మా దగ్గరే బాబాయి చూసుకున్నాడు. పదహారు పేజీలకి ఒకటిగా మడిచిన షీట్లు (ఫారాలు), దారంతో కుట్టు, కప్పా బోర్డు అనే గట్టి అట్ట మీద కాటన్ గుడ్డ. చెన్నై తేమకి కాగితం అలలు దేలుతుంది. అందుకే కాగితంలోని పీచు పుస్తకం వెన్ను పొడవునా ఉండేలా ముందే ఆర్డర్ పెట్టాలి, లేకపోతే ఎంత మంచి గమ్ము వేసినా పుస్తకం చక్కగా తెరుచుకోదు.

ఆఫీసు పనుల్లో ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు నంబరు, తేలిక, రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. పుస్తకం మీద జీఎస్టీ లేదు, కానీ అందువల్లే కాగితం మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఆ ఖర్చు ధరలో కలుపుకోవాలి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై ఎగ్మోర్‌లోని కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీలలోని లైబ్రరీలకి మన ఖర్చుతోనే కాపీలు పంపాలి. ఇంత ఖరీదైన పుస్తకానికి అదీ ఒక ఖర్చే. అయినా కన్నెమరాలో మా పుస్తకం చేరిందంటే తాతయ్య ఎంత పొంగిపోయేవాడో.

ధర దగ్గర బాబాయికీ నాకూ పెద్ద వాదనే జరిగింది. ఖర్చుకి ఐదు రెట్లు వేయాలన్నది పబ్లిషింగ్‌లో పాత లెక్క, ఎందుకంటే షాపులు, డిస్ట్రిబ్యూటర్లు కలిసి సగం దాకా పట్టుకుపోతారు. మేం షాపులకి తక్కువే ఇచ్చి, నేరుగా అమ్మాం. 500 కాపీలు, నంబర్లు వేసి. అచ్చుకి ముందే ఆర్డర్లు తీసుకుని ఆ డబ్బుతోనే కాగితం కొన్నాం. మళ్లీ వేయమని చాలామంది అడుగుతున్నారు. నంబరు వేసి అమ్మిన పుస్తకాన్ని మళ్లీ అదే రూపంలో వేస్తే ముందు కొన్నవాళ్లకి అన్యాయం చేసినట్టే, కాబట్టి వేయం. కళాశాలల విద్యార్థుల కోసం చిన్న సైజులో, మామూలు బైండింగ్‌తో వేస్తున్నాం.

తర్వాతి పెద్ద పుస్తకం ఇప్పుడు నిమ్మలకుంట అనే ఊరి తోలుబొమ్మల మీద. ఆ బొమ్మల రంగు వెనక దీపం ఉంటేనే కనిపిస్తుంది, కాబట్టి మామూలు ఆర్ట్ పేపర్ మీద వేస్తే ప్రాణం పోతుంది. కొన్ని పేజీలైనా వెలుతురు దూరే పల్చటి కాగితం మీద వేయాలని నా పట్టుదల. దాని మీద సిరా త్వరగా ఆరదని బాబాయి అభ్యంతరం. శాంపిల్ రీములు సోమవారం వస్తాయి, ముందు మా చిన్న మెషిన్ మీద వేసి చూస్తాం.