నెత్తిన పెట్టుకుంటే గానీ తెలియలేదు: ఏఆర్ హెడ్‌సెట్ డిజైన్‌తో నా అనుభవం

ఎదురుగా ఉన్న నిజమైన దృశ్యం మీదే కంప్యూటర్ బొమ్మలు చూపించే ఏఆర్ హెడ్‌సెట్ చేస్తున్నాం మేము. మా మొదటి నమూనా త్రాసు మీద 340 గ్రాములు తూగిన రోజు టీమ్ అంతా చప్పట్లు కొట్టాం. 2019లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఆర్ హెడ్‌సెట్ హోలోలెన్స్ 2 బరువు 566 గ్రాములు, దాని పక్కన మనది దూదిపింజే అనుకున్నాం. ఆ సంబరం పావుగంట కూడా నిలవలేదు. పెట్టుకుని కూర్చున్నది నేనే. కాసేపటికి నాకు తెలియకుండానే ఒక చేత్తో దాని ముందు భాగాన్ని ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పని చేసుకుంటున్నాను. తీసి చూస్తే ముక్కు మీద రెండు ఎర్రటి గుంటలు, మెడ వెనక పట్టేసినట్టు లాగుడు. చిత్రం ఏమిటంటే, అరువు తెచ్చిన హోలోలెన్స్ 2 అరగంట పెట్టుకున్నా ఇంత బాధ లేదు.

తేడా ఎక్కడుందో విప్పి చూస్తే తెలిసింది. అందులో బ్యాటరీ తల వెనక ఉంటుంది, మేము బోర్డు, బ్యాటరీ, లెన్సులు అన్నీ కళ్ల ముందే కుక్కేశాం. తల వెన్నెముక మీద ఆనే చోటు దాదాపు చెవుల కింద ఉంటుంది, అక్కడి నుంచి ఎంత ముందుకు వేలాడితే మెడ కండరాలు అంత గట్టిగా వెనక్కి లాగి పట్టుకోవాలి. నీళ్ల బకెట్‌ను ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. బ్యాటరీ వెనక్కి మార్చాం, దానికి వైరు, గట్టి స్ట్రాప్, బిగించే చక్రం కలిసి మొత్తం బరువు 385 గ్రాములకు పెరిగింది. కానీ చెయ్యి అడ్డం పెట్టడం ఆగిపోయింది! అప్పటి నుంచి త్రాసు అంకె చెప్పి గొప్పలు పోవడం మానేశాం. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ చేసిన హెడ్‌సెట్‌ను సీలింగ్‌కు వేలాడదీశారట, ఆ వారమంతా మాకు అదే నయం అనిపించింది.

బరువు తర్వాత ఒత్తిడి. నుదుటి ప్యాడ్ ఎక్కడ ఆనుతోందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు, చాలామందికి సరిగ్గా తెలియదు కూడా. చివరికి స్టాంప్ ప్యాడ్ ఇంకు తెచ్చి ఫోమ్‌కు పలచగా పూసి అందరికీ పెట్టాం. తీస్తే నుదుటంతా పరుచుకోవాల్సిన నీలం, కనుబొమల పైన రెండు చిన్న చుక్కలుగా మాత్రమే పడింది. అంటే బరువంతా ఆ రెండు చుక్కల మీదే ఉందన్నమాట. ప్యాడ్ వంపు మార్చడం, ప్రింట్ చేయడం, ఇంకు పూయడం, ఇలా పదకొండు సార్లు చేశాం. (ఆ ఇంకు సబ్బుకు పోదు. రెండు రోజులు నీలం నుదుళ్లతో తిరిగాం.)

లెన్సుల దగ్గర అసలు తలనొప్పి మొదలైంది. పలచగా కావాలంటే వేవ్‌గైడ్ పెట్టమంటారు అందరూ. నిజమే, కాంతి పలచటి గాజు పలకలో అటూ ఇటూ తగులుతూ కంటి దాకా వస్తుంది కాబట్టి చూడ్డానికి మామూలు కళ్లజోడులా ఉంటుంది. కానీ దారిలో చాలా కాంతి పోతుంది. అంత కాంతి ముందే పుట్టించాలంటే కరెంటు ఎక్కువ కావాలి, అప్పుడు వేడి, దాంతో పెద్ద బ్యాటరీ. ఇక్కడ తగ్గించిన లావు అక్కడ తేలుతుంది. మేము బర్డ్‌బాత్ అనే పద్ధతికి వెళ్లాం. అందులో సగం కాంతిని వదిలి సగం తిప్పికొట్టే అద్దం ఉంటుంది, వెలుతురు దానికి రెండుసార్లు తగులుతుంది, ఒకసారి తిరిగొచ్చి, ఒకసారి దాటి, ప్రతిసారీ సగం పోతుంది కాబట్టి కంటికి చేరేది మహా అయితే పావు వంతు. లావుగా ఉంటుంది, అందంగా ఉండదు, అయినా మా బడ్జెట్‌లో చేతికి అందేది అదే.

కనుపాపల మధ్య దూరం విషయంలో మాత్రం తప్పు పూర్తిగా నాదే. పెద్దవాళ్లలో సగటు సుమారు 63 మిల్లీమీటర్లు అని చదివి, లెన్సులను అక్కడే బిగించేశాను. మా టీమ్‌లో ఒకావిడకు 56. ఆవిడకు బొమ్మ రెండు అంచుల దగ్గరా కోసేసినట్టు కనిపించేది, పది నిమిషాలకే కళ్లు లాగేవి. పాపం చాలా రోజులు తన కళ్లలోనే ఏదో లోపమనుకుంది! ఇప్పుడు రెండు లెన్సులూ పట్టా మీద జరుగుతాయి. కళ్లజోడు ఉన్నవాళ్ల కోసం పవర్ అద్దాలు అయస్కాంతంతో లోపల అంటించుకునేలా చేశాం, ఎందుకంటే కళ్లజోడుకు చోటు ఇవ్వాలని లెన్సులు ముందుకు జరిపితే మళ్లీ ఆ మెడ లాగుడే.

మధ్యలో ఒకసారి ప్రాసెసర్‌ను నడుముకు కట్టే పెట్టెలోకి మార్చాం. తల మీద వేడి తగ్గింది, అందరూ హాయిగా ఉందన్నారు. మూడో రోజు ఒకతను ఫోన్ మోగిందని గబుక్కున లేచాడు, వైరు కుర్చీ చేతికి చుట్టుకుని ఉంది. హెడ్‌సెట్ ముఖం మీంచి ఊడి గిర్రున తిరిగి బల్ల అంచుకు తగిలింది. అద్దం పగిలిన చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. 2024లో మెటా చూపించిన ఒరాయన్ అనే ఏఆర్ కళ్లజోడు నమూనా వంద గ్రాముల లోపే ఉంది, దాని విడి పెట్టెకు వైరే లేదు. చూసి కుళ్లుకున్నాం, అంతే. బోర్డును మళ్లీ తల మీదకే తెచ్చి, వేడి నుదుటి వైపు కాకుండా పైకి పోయేలా చిన్న సందు వదిలాం.

ఇప్పుడు కొత్త గొడవ. వెనక బ్యాటరీ ఉబ్బెత్తుగా ఉండటంతో కుర్చీలో వెనక్కి వాలితే హెడ్‌సెట్ మొత్తం ముందుకు జరిగిపోతోంది. అందుకని బ్యాటరీని రెండు ముక్కలు చేసి చెవుల వెనక పెట్టి చూస్తున్నాం. వాలడానికి బాగానే ఉంది. పొడుగు జుట్టు ఉన్నవాళ్లకు కీలులో చిక్కుకుంటోంది, నిన్న ఒకరికి కత్తెర తేవాల్సి వచ్చింది.