టైపింగ్ వచ్చిన పిల్లలకు పని
"అక్కా, హన్మకొండలో డేటా ఎంట్రీ పని ఏమన్నా ఉందా?" మీసేవ సెంటర్‌లో మా వీధి అమ్మాయి పొద్దున అడిగింది. చేతిలో తెలుగు టైపింగ్ లోయర్ సర్టిఫికెట్.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

2023 డిసెంబర్ చివర, 2024 జనవరి మొదట్లో తెలంగాణ ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు కోటికి పైగా వచ్చాయి కదా, వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించింది ఇలాంటి పిల్లలే. ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పినా ఆధార్‌తో సరిపోలదు, ఓ ముసలమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాలి. అంత బాధ్యత ఉన్న పని. అయినా దరఖాస్తులు అయిపోతే పని కూడా అయిపోతుంది. నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ పని కూడా నేర్చుకుని ఆడిటర్ ఆఫీసుల్లో, ఆసుపత్రుల బిల్లింగ్‌లో అడగమన్నాను. ఇంటి నుంచే టైపింగ్ అంటూ ముందే డబ్బు కట్టమనే వాట్సాప్ మెసేజ్‌లను మాత్రం అస్సలు నమ్మొద్దని గట్టిగా చెప్పాను.

వరంగల్ వైపు మీకు తెలిసిన ఖాళీలుంటే కామెంట్‌లో పెట్టండి, తనకు చెప్తాను.