జానర్ ఆడిందా, టికెట్ రేటు ఆడిందా?

ఈమధ్య ఎవర్ని కదిపినా యాక్షన్ సినిమాలకే జనం వస్తున్నారు, మిగతావాటి పని అయిపోయింది అంటారు, పోస్టర్ మీద కోట్లు అలా కనిపిస్తాయి మరి. నాకు ఆ లెక్క అస్సలు ఎక్కదు. 50 రూపాయల టికెట్‌తో కోటి రావాలంటే 2 లక్షల మంది రావాలి, మల్టీప్లెక్స్‌లో 250 పెడితే 40 వేల మంది చాలు. పైగా పెద్ద యాక్షన్ సినిమాలకి మొదటి రోజుల్లో రేట్లు పెంచుకోడానికి జీవోలు తెచ్చుకుంటారు, చిన్న కామెడీకి ఎవరు తెస్తారు? అందుకే కోట్లు కాదు, తెగిన టికెట్లు చూడాలి. బుక్‌మైషోలో కొంత కనిపిస్తుంది గానీ సింగిల్ స్క్రీన్ కౌంటర్లో అమ్మినవి అందులోకి రావు.

ఒక జానర్లో, అంటే ఒక తరహా కథలతో, ఎన్ని సినిమాలొచ్చాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫ్యాక్షనే తీసుకోండి. 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి, 2001 సంక్రాంతికి నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర, అన్నీ ఊపేశాయి. ఇంకేముంది, అందరికీ సీమ కథే కావాలి, తెల్ల చొక్కాలు, వేట కొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు. కథ రాసి, హీరో డేట్లు దొరికి, షూటింగ్ అయి, సినిమా థియేటర్‌కి వచ్చేసరికి ఏడాదో రెండేళ్లో పడుతుంది, ఈలోపు జనానికి మొహం మొత్తేస్తుంది. జానర్‌ని చంపేది ఈ ఆలస్యమే అని నా గట్టి నమ్మకం.

పౌరాణికాలది దీనికి పూర్తిగా రివర్స్. మన మొదటి టాకీ 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద. 1977 జనవరి 14న అయితే దానవీరశూరకర్ణ, కురుక్షేత్రం ఒకే రోజు రిలీజ్, రెండూ భారతమే! తర్వాత తీసేవాళ్లు తగ్గారు, జనం మారిపోయారు అనేశారు. 2025లో మహావతార్ నరసింహ వచ్చింది, స్టార్ లేడు, బొమ్మల సినిమా, అదే ప్రహ్లాదుడి కథ. కూకట్‌పల్లిలో చూశాను, స్తంభంలోంచి స్వామి రాగానే మా వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడి దండం పెట్టింది, మనవడు కొంగు పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు. ఇన్నేళ్లూ తగ్గింది సినిమాలే, చూసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడిక అందరూ దేవుడి కథలే మొదలెడతారు, ఏడాదికి రెండు మూడు దగ్గర ఆగితే బావుణ్ణు.