డబ్బా చేప, రాగి సంగటి

పోర్చుగల్‌లో పనిచేసే మా పిన్ని కొడుకు మొన్న చిత్తూరు వచ్చి చిన్న రేకు డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. పొగబెట్టిన కవళ్లు, అంటే సార్డిన్ చేపలు, ఆలివ్ నూనెలో, పిరి పిరి మిరపకాయతో. ఎనిమిది యూరోలంట! అరచేతిలో పట్టేదానికి అంత రేటా అని నేను లోపలే తిట్టుకున్నా.

మూత లాగగానే పొగ వాసన. అవ్వ నిప్పుల మీద కాల్చే ఎండుచేపే గుర్తొచ్చింది, కాకపోతే ఇది వెన్నలా మెత్తగా ఉంది. డబ్బా మూసేశాక గట్టి వేడిలో ఉడికిస్తారు కాబట్టి ముల్లు కూడా నమిలేయొచ్చు.

కారం మాత్రం... అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఏందిరా ఇది, పసిబిడ్డకి పెట్టేదా?" అనేసింది. మన దేశానికి మిరపకాయ తెచ్చిందే పోర్చుగీసువాళ్లు అని చెబితే నమ్మలేదు. "తెచ్చినోళ్లకి తినేది రాలేదు" అంది.

బ్రెడ్డుతో తినాలంట. నేను రాగి సంగటి ముద్దలో గుంట చేసి, అడుగున మిగిలిన నూనె మొత్తం పోసుకుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తిన్నా. చేప కన్నా ఆ నూనే బాగుంది, నిజంగా.

ఇంకో డబ్బా ఉంది. అవ్వకి చెప్పలేదు.