సావనదుర్గ నీటిరంగుల్లో: ఆరో బొమ్మ వరకు

బెంగళూరుకు పడమరన, మాగడి దగ్గరున్న సావనదుర్గ కొండకోటను 1791 డిసెంబరు 21న ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం పట్టుకుంది. ఆ మూడో మైసూరు యుద్ధంలో పనిచేసిన సైనికాధికారుల్లో రాబర్ట్ కోల్‌బ్రూక్, అలెగ్జాండర్ అలన్, ఫిరంగి దళపు లెఫ్టినెంట్ జేమ్స్ హంటర్ మైసూరు కోటలనూ కొండలనూ చిత్రించారు. హంటర్ 1792లోనే చనిపోయాడు. అతని బొమ్మలు పన్నెండేళ్ల తరువాత గాని లండన్‌లో అచ్చు కాలేదు. మాది పెనుకొండ వైపు. టిప్పు నుంచి నిజాంకు దక్కిన మా సీమ 1800లో కంపెనీ చేతికి వెళ్లి దత్తమండలం అయింది కనుక ఆ బొమ్మలు నాకు పరాయి చరిత్రగా తోచవు. వారి పద్ధతిలోనే ఈ కొండను వేసి చూడాలని ఫిబ్రవరిలో మొదలుపెట్టాను.

ఆ పద్ధతిలో ముందు రంగు ఉండదు. పెన్సిల్ గీతల మీద వెలుగునీడలన్నిటినీ బూడిదరంగు పూతలతో పూర్తిచేసి, అది ఆరాక పైన పలుచగా రంగు వేస్తారు. అప్పట్లో లండన్ దగ్గరి వూలిచ్ సైనిక అకాడమీలో ఫిరంగి దళ, ఇంజనీరు క్యాడెట్లకు చిత్రలేఖనం ఒక పాఠం. 1768 నుంచి అక్కడ చిత్రకారుడు పాల్ శాండ్‌బీ ప్రధాన చిత్రలేఖన ఉపాధ్యాయుడు. గోడ ఎంత ఎత్తు, ఎక్కే దారి ఎటు అన్నది తెలియాలి గనుక సైనికుడి బొమ్మకు రంగుకన్నా ఆకారమే ముఖ్యం.

మొదటి మూడు బొమ్మలూ పాడయ్యాయి. బూడిద పూతకు నేను వాడిన నల్ల ఇంకు తడికి నిలిచేది కాదు. పైన రంగు పెట్టగానే కరిగి మొత్తం బురదైపోయింది. నాలుగో బొమ్మకు వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు తెచ్చి, మూడు గిన్నెల్లో మూడు పలుచదనాలుగా కలిపి, లేతదానితో మొదలుపెట్టి ఒక్కొక్క పూతనూ పూర్తిగా ఆరనిచ్చి, రాత్రంతా వదిలేశాకే రంగు జోలికి వెళ్లాను. కాగితం చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాటన్‌ది, 11×15 అంగుళాలు. మార్చి ఎండకు పూత సగంలోనే ఆరి గీత కట్టేది. కాగితం వెనుక వైపు తడిపి పలకకు అంటించి, నీళ్లలో రెండు చుక్కలు గ్లిజరిన్ కలిపి, ఉదయం ఏడు లోపు పని ముగిస్తే ఆ బాధ తప్పింది.

అన్నిటికన్నా కష్టపెట్టినవి బండ మీది నల్లటి చారలు. వాననీరు జారిన చోటల్లా పైనుంచి కిందికి దిగే ఆ చారను ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచెతో, చేయి ఆపకుండా ఒకే లాగులో దించాలి. చివర ముత్యంలా నిలిచే నీటిబొట్టును పిండిన కుంచె మొనతో వెంటనే పీల్చకపోతే అది వెనక్కి పాకి, పువ్వు మచ్చలా విచ్చుకుంటుంది. ఐదో బొమ్మలో పదకొండు చారలకు తొమ్మిది కుదిరాయి.

ఆకాశానికి నీలిమందు మానేశాను, వెలుగుకు వెలిసిపోతుంది. బదులు ప్రష్యన్ బ్లూ వాడుతున్నాను. చెట్లకు దానిలోనే బర్న్‌ట్ సియెనా అనే ఎర్రగోధుమ రంగు కలిపితే చాలు.

ఐదు బొమ్మలూ కింద పొలాల గట్టు మీద కూర్చుని వేసినవే. ముట్టడికి వచ్చినవాడు ఆ కొండను చూసేది అక్కడి నుంచే. కోటలో నిలబడినవారికి ఏమి కనిపించిందో కూడా వేయాలన్న కోరికతో ఏప్రిల్‌లో తెల్లవారుతుండగా బండ ఎక్కి, కూలిన గోడ పక్కన కూర్చుని ఆరో బొమ్మకు గీత గీసుకొచ్చాను. బూడిద పూతలు రెండు అయ్యాయి, మూడోది ఆరుతోంది. రంగు వచ్చే ఆదివారం.