కుక్కకి ఎర్ర బంతి ఎందుకు?

కుక్కలకి అంతా నలుపు తెలుపేనని మా విజయనగరంలో ఇప్పటికీ చాలామంది గట్టిగా నమ్ముతారు. కాదండీ. రంగుల్ని పట్టే కోన్ కణాలు మన కంట్లో మూడు రకాలు, కుక్కకి రెండే, అందుకని నీలం, పసుపు బాగానే తెలుస్తాయి కానీ ఎరుపూ ఆకుపచ్చా దాదాపు ఒకే మట్టిరంగులా కలిసిపోతాయి. 1989లో అమెరికా శాస్త్రవేత్త జే నైట్జ్ బృందం కుక్కలకి పరీక్షలు పెట్టి మరీ ఈ సంగతి తేల్చింది. అయోధ్య మైదానంలో పచ్చగడ్డి మీద ఎర్ర బంతి విసిరితే మా రాజుగాడు దాని పక్కనుంచే దూసుకుపోయి, ఆగి, ముక్కు నేలకి ఆనించి వాసన పట్టుకుంటూ వెనక్కొస్తాడు. నీలం బంతైతే సూటిగా పరుగే. షాపుల్లో మాత్రం ఎక్కువగా ఎర్రవే, కొనేది మనం కదా! ఎద్దు ఎర్రగుడ్డకి రెచ్చిపోతుందన్నదీ ఉత్తమాటే, దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ ఊపు. పక్షుల లెక్క వేరు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వచ్చే కొంగలకి కోన్లు నాలుగు రకాలు, మనకంటే ఒకటి ఎక్కువ.